రిపీటర్‌ను రోజూ వాడాలా, ఆపద కోసం అట్టిపెట్టాలా?

ప్రశ్న (తిరుపతి నుంచి, కొత్త హ్యామ్, అంటే లైసెన్సున్న ఔత్సాహిక రేడియో వాడకందారు)

అందరికీ నమస్కారం. ఈమధ్యే ఏఎస్‌ఓసీ (హ్యామ్ లైసెన్సు) పరీక్ష గట్టెక్కి వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (ప్రసారంలో మన గుర్తింపు పేరు) తెచ్చుకున్నాను. కొందరం కలిసి రెండు మీటర్ల తరంగదైర్ఘ్యపు బ్యాండులో ఒక రిపీటర్ (చిన్న సెట్ల మాటను ఎత్తు నుంచి అందుకుని దూరానికి తిరిగి ప్రసారం చేసే స్టేషన్) పెట్టుకోవాలనుకుంటున్నాం. 2021 నవంబరు వానల్లో స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊరికి ఫోను కలవక మేము పడ్డ ఆందోళనే నా పట్టుదలకు కారణం. అయితే మాలో మాకే పేచీ వచ్చింది. ఆపద కోసం పెట్టేదాన్ని కబుర్లకు వాడనివ్వకూడదని కొందరు, వాడకపోతే పెట్టడమెందుకని మరికొందరు. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు (చిత్తూరు నుంచి)

రోజూ వాడండి. ఇందులో నాకు రెండో మాట లేదు. ముట్టుకోకుండా ఉంచిన రిపీటర్‌లో బ్యాటరీ ఎప్పుడు నీరసించిందో, పిడుగుకు యాంటెన్నా ఎప్పుడు పోయిందో, కేబుల్‌లోకి నీళ్లు ఎప్పుడు దిగాయో ఎవరికి తెలుస్తుంది? తుఫాను రాత్రి మీట నొక్కాక తెలిస్తే ఏం లాభం? రోజూ రాత్రి నలుగురు పలకరించుకుంటుంటే లోపం మర్నాటికల్లా బయటపడుతుంది. ఎవరి గొంతు ఏదో, ఎవరి ఇంటి నుంచి సిగ్నల్ ఎంత వస్తుందో కూడా ముందే తెలిసిపోతుంది.

2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు హ్యామ్ భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. వారు వెళ్లింది ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడటానికే. ఆ రేడియోలతోనే దీవుల క్షేమసమాచారం ప్రధాన భూభాగానికి చేరవేశారు. అది హెచ్‌ఎఫ్ (వేల కిలోమీటర్లు నేరుగా చేరే షార్ట్‌వేవ్), రిపీటర్ కాదు. అయినా నేను చెప్పేది అదే: చెయ్యి తిరిగినవాళ్లే ఆ వేళకు పనికొస్తారు.

ఒక్క నియమం మాత్రం మొదటి రోజే పెట్టుకోండి. అవతలివారు ముగించగానే మీట నొక్కకండి, రెండు మూడు సెకన్లు ఆగండి. రిపీటర్‌లో ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. మాటకు మాట తగిలిస్తూ పోతే ఆపదలో ఉన్న మనిషికి దూరే సందు ఉండదు. ఆ సందులో ఎవరైనా కాల్‌సైన్ చెబితే మీ సంభాషణ అక్కడే ఆపి వారికి దారి వదలండి.

జవాబు (పలమనేరు నుంచి)

చిత్తూరు పెద్దాయన మాటతో ఏకీభవిస్తాను, కానీ కరెంటు పోయిన తర్వాత కబుర్లు పూర్తిగా మానాలి. వింటున్నప్పటికన్నా ప్రసారం చేస్తున్నప్పుడే రిపీటర్ బ్యాటరీని ఎక్కువ తాగుతుంది. ఇంకో సంగతి: రెండు మీటర్ల రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీకీ పంపే ఫ్రీక్వెన్సీకీ సాధారణంగా 600 కిలోహెర్ట్జ్ తేడా ఉంటుంది. ఎదుటివారు మాట్లాడుతుండగా హ్యాండ్‌సెట్‌లో రివర్స్ మీట (రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీనే మన సెట్టూ వినేలా చేసేది) నొక్కి చూడండి. వారి సిగ్నల్ నేరుగా వినిపిస్తే సింప్లెక్స్‌కు (రిపీటర్ లేకుండా సెట్టు నుంచి సెట్టుకు మాట్లాడుకునే పద్ధతికి) మారిపోండి, రిపీటర్‌ను కొండ అవతలివారికి వదలండి. శేషాచలం అడ్డం ఉన్నవారికి వేరే దారి లేదు కదా. రిపీటరే పడిపోతే ఏ సింప్లెక్స్ ఫ్రీక్వెన్సీలో కలుసుకోవాలో కూడా ఇప్పుడే అనుకోండి.

ప్రశ్నించినవారు

చాలా మంచి మాట చెప్పారు. ఊళ్లో లైసెన్సు లేని మామయ్య చేతికి సెట్టు ఇవ్వవచ్చా?

జవాబు (చిత్తూరు నుంచి)

ఇవ్వకండి, పరీక్ష రాయించండి. అప్పటిదాకా ఆయన కబురును మీరే కాగితం మీద రాసుకుని పంపండి: ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏం కావాలి. ‘నీళ్లు బాగా వచ్చాయి’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ‘నడుములోతు నీళ్లు, ముగ్గురు ముసలివాళ్లు మిద్దె మీద ఉన్నారు, పడవ కావాలి’ అనాలి. రాత్రి కలుసుకున్నప్పుడు ఇలాంటి కబురు ఒకటి చదివి, అవతలివారి చేత అక్షరం పోకుండా తిరిగి చెప్పించుకోండి.