అప్‌డేట్: ఆగిపోయిన కథ కదిలింది

రొట్టెల పండుగ (నెల్లూరులో చెరువు నీళ్లలో నిలబడి, ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె మార్చుకునే పండుగ) మీద కథ మొదలుపెట్టి మూడో పేజీలో ఆగిపోయానని, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. రాయడానికి ముందు పది నిమిషాలు ఏది తోస్తే అది రాయమన్నారు ఒకరు. మొదటి వారమంతా చిరాకే. తర్వాత నోట్‌బుక్ పట్టుకుని నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర కూర్చున్నాను. కథ పక్కన పెట్టి కంటికి కనిపించినవే రాశాను: తడి మెట్లు, దర్గా వైపు వెళ్తున్న ఒక ముసలామె. కథ ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది. ఆ నీళ్లలో నిలబడి మా అమ్మ ఏ రొట్టె పట్టుకుందో నాకే తెలియదు! ఇంటికెళ్లి అడిగాను. చదువు రొట్టె అంట, నా కోసం. ఆ రాత్రే నాలుగు పేజీలు వచ్చాయి.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్ ముట్టకముందే ఆ పది నిమిషాలు, పెన్నుతోనే. ముగింపు ఇంకా దొరకలేదు, టెన్షన్ మాత్రం పోయింది. ఆ సలహా ఇచ్చినవారికి మనస్ఫూర్తిగా థాంక్స్.