విదేశం నుంచి నాలుగు వస్తువులు కలిపి తెప్పిస్తే షిప్పింగ్ తగ్గుతుందా?

పుస్తకాల పురుగు: ఒకే అమ్మకందారు దగ్గర నాలుగు పాత పుస్తకాలు దొరికాయి. ఒక్కోటి అరకిలో పైనే. కార్టులో వేస్తుంటే షిప్పింగ్ కూడా నాలుగింతలవుతోంది. కలిపి పంపమని అడగొచ్చా? కస్టమ్స్ ఎలా ఉంటుంది? ట్రాకింగ్ తప్పనిసరా?

కెమెరా కన్ను: అడగండి, కానీ డబ్బు కట్టకముందే. నేను మూడు లెన్సులకూ విడివిడిగా కట్టేసి, ఆ తర్వాత కలపమన్నాను. మూడూ ఒకే డబ్బాలో వచ్చాయి. ఎక్కువ కట్టింది మాత్రం ఇప్పటికీ వెనక్కి రాలేదు. అన్నిటికీ కలిపి కొత్త ఇన్‌వాయిస్ చేతికొచ్చాకే కట్టండి.

దూదిబొమ్మ: కలిపితే తగ్గుతుందని ఎవరన్నారు? నా మూడు బొమ్మలూ కలిపి 1.8 కిలోలు. 40×30×20 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెట్టి పంపారు, కొరియర్ వాళ్లు 5 కిలోలకు బిల్లు వేశారు. పెట్టె తెరిస్తే సగం గాలి సంచులే!

సూటిమాట: 1.8 కిలోలకు 5 కిలోల బిల్లా? మీరు రసీదు సరిగ్గా చదివుండరు. తూకం అంటే తూకమే.

దూదిబొమ్మ: రసీదు నా ముందే ఉంది. నాకు చదవడం వచ్చు.

కార్గో అన్న: సూటిమాట గారూ, తెలియనప్పుడు ఎదుటివాళ్లని తప్పుపట్టకండి. పదకొండేళ్లు కార్గోలో పనిచేశాను. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తారు. ఆవిడ పెట్టెకి 24000 బై 5000, అంటే 4.8. పైకి సవరిస్తే 5. అసలు తూకం, ఇది, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. విమానంలో చోటుకి కూడా ఖరీదు కట్టాలి.

సూటిమాట: మా దగ్గర 6000తో భాగించారు. పోస్టులో అయితే అసలు పెట్టె కొలవనే లేదు. మీ పదకొండేళ్ల లెక్క అందరికీ వర్తించదు.

కార్గో అన్న: కొరియర్ గురించి చెబుతుంటే మధ్యలో పోస్టు ఎందుకు తెస్తారండీ? 6000 కూడా ఉంది, సంస్థని బట్టి మారుతుంది. సూత్రం మాత్రం అదే.

చిల్లర లెక్క: గొడవ ఆపండి. గిఫ్ట్ అని, ధర తక్కువ వేసి రాయమంటే కస్టమ్స్ బాధే ఉండదు కదా.

కెమెరా కన్ను: దయచేసి ఇలాంటి సలహాలివ్వకండి! ఇన్‌వాయిస్‌లో ఒకటి, లేబుల్ మీద ఇంకొకటి ఉంటే సరుకు ఆపేస్తారు. దారిలో పోతే, రాసిన ధరకు మించి బీమా రాదు. పైగా చాలా దేశాల్లో షిప్పింగ్ ఖర్చు కూడా కలిపే సుంకం లెక్కేస్తారు.

తపాలా ప్రేమి: పాపం, అడిగింది పుస్తకాల గురించి. పోస్టులో చిన్న ప్యాకెట్ పరిమితి 2 కిలోలు. నాలుగూ కలిస్తే అది దాటి పార్సిల్ రేటు పడొచ్చు, రెండేసి చొప్పున పంపితే నయం. అచ్చు పుస్తకాలకైతే వేరే తరగతి ఉంది, 5 కిలోల దాకా వెళ్తాయి. ఒకే చిరునామాకి సంచిలో వేసి పంపే ఎం-బ్యాగ్ 30 కిలోల వరకూ. అన్ని దేశాల పోస్టూ ఈ సౌకర్యం ఇవ్వదు, అమ్మకందారునే కనుక్కోమనండి. నేను అలాగే ఒక అల్మరా నింపుకున్నాను.

పుస్తకాల పురుగు: తపాలా ప్రేమి గారూ, వెయ్యి దండాలు. తూకం వేయించాను, ప్యాకింగ్‌తో 2.3 కిలోలట. పుస్తకాల తరగతిలో పంపగలరేమో అడిగాను. సంచిలో వేస్తే మూలలు నలగవా?

దూదిబొమ్మ: నలుగుతాయి. అట్టముక్కలు రెండు పక్కలా పెట్టి కట్టమనండి. కార్గో అన్న గారూ, పెట్టె కోసి చిన్నది చేసి పంపమంటే ఒప్పుకుంటారా?