ఒకే రూంలో ఆరుగురు: ఒకరికి ఆటలమ్మ, ఒకరికి ఆగని దగ్గు. ఏం చేయాలె?

హాస్టల్_హనుమకొండ:
నమస్తే. హనుమకొండలో ఇంటర్ పిల్లల హాస్టల్. రూం 10 అడుగులకు 12, ఎత్తు 10. ఒక కిటికీ, ఒక తలుపు, ఒక ఫ్యాను. ఒక బాబుకు నిన్నటి నుంచి ఒళ్లంతా పొక్కులు, వంటక్క చూసి అమ్మవారు పోసిందన్నది. అదే రూంల ఇంకో బాబుకు మూడు వారాలుగా దగ్గు. పళ్లేలు, గ్లాసులు వేరు చేసినం, కిటికీ మూసి పరదా కట్టినం. మిగతా నలుగురిని ఇంటికి పంపాల్నా?

పిల్లల_వార్డు:
అన్నా, ముందుగాల ఆ కిటికీ తెరవుండ్రి. అమ్మవారు పోస్తే గది మూసి చీకటి చేసే అలవాటు మన దిక్కు ఉన్నది. కానీ ఇది గాలితోటి అంటే రోగం, మూసిన గదిల అందరూ పీల్చేది అదే గాలి. వేపాకు పరుచుకుంటే పరుచుకోనియ్యుండ్రి, దాంతో నష్టం లేదు.

ఆటలమ్మనా, తట్టునా అన్నది టార్చి పట్టి చూడుండ్రి. ఆటలమ్మ ఎక్కువగా ఛాతీ, వీపు, మొఖం మీద మొదలైతది. రెండు మూడు రోజులకు ఒక్క చోటనే ఎర్రమచ్చ, నీటిపొక్కు, ఎండిన పక్కు మూడూ కనబడతయి. నీటిపొక్కు ఆకు మీది మంచుచుక్క లెక్క పల్చగ ఉంటది, గోరు తగిలితే పగులుతది, అందుకే గోర్లు తీయాలె. తట్టుకు మూడు నాలుగు రోజుల ముందే జోరుగ జ్వరం, దగ్గు, ముక్కు కారుడు, ఎర్రకండ్లు ఉంటయి. అటెనక చెవుల ఎనక నుంచి కిందికి దద్దు దిగుతది, అండ్ల నీరుండదు. బుగ్గ లోపల దవడపండ్ల పక్కన ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు కనబడితే అది తట్టే. అట్లయితే వెంటనే పీహెచ్‌సీకి చెప్పాలె. తట్టు వైరస్ మనిషి బయటికి పోయినంక కూడా 2 గంటల దాకా ఆ గదిల ఉంటది.

ఆటలమ్మ పొక్కులు లేవకముందు 1, 2 రోజుల నుంచే అంటుతది, అన్నీ పక్కు కట్టేదాకా అంటుతనే ఉంటది. ఆ బాబును అప్పటిదాకా, అంటే సుమారు 5 నుంచి 7 రోజులు, వేరే రూంల ఉంచుండ్రి. మిగతా పిల్లలకు ఇప్పటికే అంటి ఉండొచ్చు, 10 నుంచి 21 రోజుల్ల బయటపడతది. ఇప్పుడు ఆర్టీసీ బస్సుల్లో ఊర్లకు పంపితే ఇండ్లల్ల చంటిపిల్లల దాకా పోతది. పంపకుండ్రి. చిన్నప్పుడు ఎవరికి వచ్చిపోయింది, ఎవరికి టీకా పడ్డది అని తల్లిదండ్రులకు ఫోన్ చేసి రాసుకోండ్రి. రెండూ లేనోళ్లకు, ఈ బాబుతోటి కలిసి ఉన్న నాటి నుంచి 3 నుంచి 5 రోజుల లోపల ఆటలమ్మ టీకా ఏపిస్తే రాకుండనన్న పోతది, తేలికగనన్న పోతది. ప్రభుత్వ టీకాల జాబితాల లేదు, కొనాలె.

జ్వరానికి పారాసిటమాల్. ఆస్పిరిన్ అస్సలు ఇయ్యొద్దు, ఈ రోగంల అది కాలేయాన్ని, మెదడును దెబ్బతీయొచ్చు. ఇంటర్ వయసుకు చిన్నపిల్లల కన్నా గట్టిగనే వస్తది. పొక్కులు లేచిన 24 గంటల్ల మొదలుపెడితేనే వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందు బాగ పనిచేస్తది. నిన్న లేచినయంటున్నరు, ఇవ్వాళనే డాక్టరుకు చూపియ్యుండ్రి. పని చేసేటోళ్లల్ల గర్భిణి ఎవరన్న ఉంటే ఆ దిక్కు రానియ్యొద్దు.

తెమడ_ల్యాబ్:
పొక్కుల హడావిడిలో ఆ దగ్గును మర్చిపోకండి, నాకు భయమంతా దాని గురించే. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా టీబీ పరీక్ష చేయించాల్సిందే. సాయంత్రం సన్నజ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం ఉంటే అనుమానం పెరుగుతుంది, లేనంత మాత్రాన టీబీ కాదని కాదు. మన దగ్గర బీడీలు చుట్టేవాళ్లు, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు దుమ్ము దగ్గు అనుకుని నెలలు గడిపేస్తారు. షాపులో లివోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కొనిచ్చి చూడొద్దు. అది టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది, దగ్గు తగ్గినట్టు కనిపించి పరీక్షలో క్రిమి దొరక్కుండా పోవచ్చు.

ఎక్కువసార్లు నమూనా తీసే దగ్గరే తప్పు జరుగుతుంది. పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట, ఎదురుగా ఎవరూ లేకుండా నిలబడాలి, బాత్‌రూంలో మాత్రం వద్దు. రెండుసార్లు నిండా ఊపిరి పీల్చి, కాసేపు బిగపట్టి, ఛాతీ లోపల నుంచి దగ్గి డబ్బాలో ఉమ్మాలి. 2 నుంచి 5 మిల్లీలీటర్లు చాలు, అంటే టీ చెంచాలో సగం నుంచి చెంచాడు. చిక్కగా, సాగుతూ ఉండాలి. నీళ్లలా నురగగా ఉంటే అది ఉమ్మి, మళ్లీ తీయాలి. పేరు మూత మీద కాదు, డబ్బా మీద రాయండి. మూతలు మారిపోతాయి.

తెమడలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా వాటిలోనే తెలుస్తుంది. టీబీ అని తేలి, మందులకు లొంగే రకమైతే 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు. మూత్రం నారింజ రంగులో వస్తే రక్తం కాదు, అది రిఫాంపిసిన్ రంగు. మందులు సరిగ్గా మింగితే సుమారు రెండు వారాల్లో అంటించే గుణం బాగా తగ్గుతుంది. తగ్గింది కదా అని మధ్యలో ఆపితే మందులకు లొంగని మొండి టీబీ అవ్వొచ్చు. రూంలో ఉన్నవాళ్లందరికీ పరీక్ష చేయించాలి. పళ్లేలు, గ్లాసుల వల్ల టీబీ రాదు, దగ్గినప్పుడు గాలిలో తేలే సన్న తుంపర్ల వల్ల వస్తుంది.

గాలి_లెక్క:
ఆ రూం 1200 ఘనపుటడుగులు, అంటే 34 ఘనపు మీటర్లు. గంటకు 2 సార్లు గాలి మారితే, గాలిలో తేలుతున్న తుంపర్లలో 99 శాతం పోవడానికి 138 నిమిషాలు పడుతుంది. 6 సార్లయితే 46 నిమిషాలు, 12 సార్లయితే 23. పన్నెండు సార్లు కావాలంటే గంటకు 410 ఘనపు మీటర్లు లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను చూడండి, డబ్బా మీద రాసి ఉంటుంది. తలుపుకు ఎదురు గోడకు, గాలి బయటికి పోయేటట్టు బిగించండి, వరండాలోకి వద్దు. ఫ్యాను పక్కనే కిటికీ తెరిచి ఉంటే ఆ గాలే వచ్చి ఆ గాలే పోతుంది, గది మధ్యలోది కదలదు. తలుపు కింది సందు దగ్గర ఊదుబత్తి పట్టండి, పొగ గదిలోకి లాగితే సరిగ్గా ఉన్నట్టు. సీలింగ్ ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది.

దగ్గే బాబుకు మామూలు సర్జికల్ మాస్క్ చాలు. దగ్గరకు వెళ్లేవాళ్లకు ఎన్95, ముక్కు మీది తీగ నొక్కి పెట్టుకోవాలి. గడ్డముంటే పక్క నుంచి గాలి దూరుతుంది.

హాస్టల్_హనుమకొండ:
కిటికీ తెరిచినం, పిల్లగాన్ని డాక్టరు దగ్గరికి తోలిచ్చినం. ఎండలకు కూలర్ పెడుతున్నం, నడపొచ్చునా?

గాలి_లెక్క:
కిటికీలో బయటి వైపు బిగిస్తే మంచిదే, కొత్త గాలిని తోస్తుంది. కానీ ఆ గాలి తలుపు నుంచి వరండాలోకి పోతుంది. అందుకే పొక్కుల బాబు, దగ్గే బాబు ఉన్న రెండు రూముల్లో కూలర్ ఆపి ఎగ్జాస్ట్ నడపండి, మిగతా రూముల్లో ఎదురు తలుపు తెరిచి కూలర్ వాడుకోండి. గది లోపల స్టాండు మీద పెట్టిన కూలర్ మాత్రం పాత గాలినే తడిపి తిప్పుతుంది.