గాజువాకలో నిలబడతానంటున్న అభ్యర్థి: డ్రైవర్ గారి అబ్బాయి, మెట్రో హామీ

ప్రశ్న: కూర్మన్నపాలెం ఉపాధ్యాయిని

అందరికీ నమస్కారం. వచ్చే శాసనసభ ఎన్నికల్లో మన విశాఖపట్నంలోని గాజువాక నుంచి పోటీ చేస్తానంటూ ఒకాయన ఇప్పటి నుంచే ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచుతున్నారు. ఏ పార్టీ టికెట్టు ఇస్తుందో ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. కరపత్రంలో సగం ఆయన జీవిత కథే. తండ్రి సిటీ బస్సు డ్రైవరట. తాను సర్కారు బడిలో చదువుకుని, కొన్నాళ్లు లారీల బుకింగ్ ఆఫీసులో గుమస్తాగా పనిచేసి, తర్వాత అప్పు చేసి రెండు లారీలు కొనుక్కుని పైకి వచ్చారట. మిగిలిన సగం రవాణా హామీలు. మొదటిది మెట్రో, రెండోది పాత గాజువాక కూడలిలో ఫ్లైఓవర్, మూడోది పోర్టు లారీలకు ప్రత్యేక దారి. అన్నింటికన్నా కింద, చిన్న అక్షరాల్లో "సిటీ బస్సుల మెరుగుదల" అని ఉంది.

నేను రోజూ కూర్మన్నపాలెం నుంచి మద్దిలపాలెం దాకా బస్సులోనే వెళ్లి వస్తాను కాబట్టి ఆ చివరి వరుస దగ్గరే నా చూపు ఆగిపోయింది. ఆయన చెప్పుకున్న నేపథ్యంలో ఎంత నిజముందో ఓటరు ఎలా తెలుసుకోవాలి? ఈ నాలుగు హామీల్లో ఒక ఎమ్మెల్యే చేతిలో ఉండేవి ఎన్ని? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: డాబాగార్డెన్స్ న్యాయవాది

మేడం గారూ, మీ మొదటి ప్రశ్నకు మాత్రమే నేను జవాబు చెప్పగలను. నామినేషన్‌తో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26 అనే ప్రమాణపత్రం దాఖలు చేయాలి. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల అమల్లోకి వచ్చిన ఈ పద్ధతిలో క్రిమినల్ కేసులు, చదువు, వృత్తి, ఆదాయ మార్గాలు, తనవీ జీవిత భాగస్వామివీ ఆస్తులు, అప్పులు, గత 5 సంవత్సరాల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం అన్నీ రాయవలసి ఉంటుంది. దాన్ని ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. తెలిసి తప్పు రాసినా, దాచినా 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

అయితే తండ్రి పేరు అడిగే ఆ ఫారం ఆయన ఏం పని చేసేవారో అడగదు. బస్సు డ్రైవరు కొడుకన్న మాట నిజమో కాదో పాతకాలపు ఇరుగుపొరుగు చెప్పాలి తప్ప ఏ కాగితమూ చెప్పదు. లారీల సంగతి వేరు. చరాస్తుల కింద వాహనాలకు ఒక వరుస ఉంది, అందులో ఒక్కో బండి రిజిస్ట్రేషన్ నంబరు, కొన్న సంవత్సరం, ధర రాయాలి. అదే వరుసలో విమానాలు, ఓడలు ఉన్నాయా అని కూడా అడుగుతారు. పోర్టు ఊరైనా ఇక్కడ సొంత ఓడ ఉన్న అభ్యర్థి నాకైతే తారసపడలేదు. లారీలున్న మనిషి లారీలకు దారి అడగడంలో తప్పేమీ లేదు, తనకు ఎన్ని ఉన్నాయో ముందు చెప్పి అడిగితే.

జవాబు 2: విశ్రాంత ఇంజనీరు, సీతమ్మధార

మెట్రో విషయం. 2014 నాటి పునర్విభజన చట్టం 13వ షెడ్యూల్లోనే విశాఖ మెట్రో ప్రస్తావన ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదించిన తొలి దశ ప్రణాళికలో మూడు కారిడార్లు, 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పొడవైనది స్టీల్ ప్లాంటు నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్లు, అది గాజువాక మీదుగానే వెళ్తుంది. కాబట్టి మీ అభ్యర్థి కరపత్రం అచ్చు వేయకముందే ఆ గీత గీసి ఉంది. మెట్రో ముందుకు సాగడానికి కేంద్రం అనుమతి, నిధులు కావాలి, ఎమ్మెల్యే సంతకంతో అయ్యే పని కాదు.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. గాజువాక మధ్యగా పోయేది 16వ నంబరు జాతీయ రహదారి, అది కేంద్రం పరిధిలోనిది. అదే రహదారి మీద కొంత మేర మెట్రో, ఫ్లైఓవర్ రెండూ ఒకే స్తంభాల మీద వచ్చేలా డబుల్ డెక్కర్ ప్రతిపాదన ఉంది. ముందు ఒక ఫ్లైఓవర్ విడిగా కట్టేస్తే తర్వాత మెట్రో స్తంభాలు ఎక్కడ దిగుతాయి? మొదటి హామీ, రెండో హామీ ఒకదానికొకటి అడ్డు పడకుండా ఎలా తీసుకొస్తారో ఆయన చెప్పాలి. ఆయనను ఇరుకున పెట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవలసిన విషయం కాబట్టి అడగండి.

జవాబు 3: విశ్రాంత కండక్టర్, మర్రిపాలెం

అమ్మా, పై ఇద్దరూ పెద్ద విషయాలు చెప్పారు. నేను ఆ నాలుగో వరుస గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఎమ్మెల్యేకి ఎక్కువ చెయ్యి ఆడేది అక్కడే. ఎమ్మెల్యే నగరపాలక సంస్థ కౌన్సిల్లో ఎక్స్ అఫిషియో, అంటే పదవి రీత్యా, సభ్యుడు కూడా. బస్సు షెల్టరు ఎక్కడ ఉండాలి, బస్సు ఆగడానికి రోడ్డు పక్కన జాగా ఎంత వదలాలి, ఫుట్‌పాత్ మీద బండ్లు పెట్టుకునేవారికి ప్రత్యామ్నాయం ఏమిటి, స్టాపు దగ్గర దీపం వెలుగుతోందా, ఇవన్నీ ఆ కౌన్సిల్లో అడగదగ్గ మాటలే. ట్రిప్పుల వేళలు డిపోలో నిర్ణయమవుతాయి, వాటి మీద ఎమ్మెల్యే రాసిన ఉత్తరానికి ఒక బరువుంటుంది.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఛార్జీ లేనప్పుడు ఎక్కేవారు పెరుగుతారు, పెరిగిన జనానికి తగ్గట్టు ట్రిప్పులు పెరగాలి కదా. ఇక బీఆర్‌టీఎస్ పేరుతో పెందుర్తి, సింహాచలం దారుల్లో రోడ్డు మధ్య బస్సులకని వరుసలు కట్టారు. ఆ వరుసల్లోకి ఇప్పుడు కార్లూ ఆటోలూ ఎంత ధీమాగా దూరుతున్నాయో నేను మా మర్రిపాలెంలో రోజూ చూస్తూనే ఉన్నాను.

నిజంగా డ్రైవరు ఇంట్లో పెరిగిన మనిషైతే "బస్సుల మెరుగుదల" అని ఊరుకోడు. ఏ రూటు, ఏ వేళ, ఎన్ని ట్రిప్పులు అని రాస్తాడు. ఆ ఇళ్లలో అన్నం వేళ కూడా డ్యూటీ చార్టు చూసే కుదిరేది. నాన్నగారు ఏ డిపో, ఏ రూటు అని అడిగి చూడండి. నిజమైతే ఆలోచించకుండా చెబుతారు.

మళ్లీ కూర్మన్నపాలెం ఉపాధ్యాయిని

అందరికీ కృతజ్ఞతలు. గడిచిన ఆదివారం మా అపార్టుమెంటుకు ఆయన వచ్చినప్పుడు మీరు చెప్పినవే అడిగాను. డిపో పేరు, రూటు నంబరు తడుముకోకుండా చెప్పారు. చివరి ట్రిప్పు ముగించి నాన్నగారు ఇల్లు చేరేసరికి పదకొండు దాటేదని, అమ్మ అప్పటిదాకా తినకుండా కూర్చునేదని అన్నారు. కండక్టర్ గారూ, ఆ మాటలు కల్పించినవిగా నాకు అనిపించలేదు. ఫ్లైఓవర్, మెట్రో స్తంభాల ప్రశ్నకు మాత్రం "ఇంజనీర్లతో మాట్లాడాలి" అన్నారు. లారీలు ఎన్ని అని అడిగితే కాస్త ఆగి, ఇప్పుడు ఐదు ఉన్నాయని చెప్పారు. రాత్రి పది తర్వాత షిఫ్టు దిగివచ్చే వారికి బస్సు వేళలు ఎలా ఉండాలో రాసివ్వమంటే, పక్కనున్న కుర్రవాడి చేత నోటు పుస్తకంలో రాయించారు.

నిన్న కొత్త కరపత్రం వచ్చింది. బస్సులు రెండో వరుసకు ఎక్కాయి, రూటు నంబర్లు లేవు. మొదటి వరుస మెట్రోదే. లారీలు ఇంకా రెండే.