యురేనియం వద్దనే మనం అణుబాంబు వద్దని కూడా అనాలా?

పత్తికొండ టీచర్:
ఆగస్టు 6 హిరోషిమా రోజున పత్తికొండలో కొవ్వొత్తుల ర్యాలీ చేద్దామని మొన్న ఆదివారం ఇరవై మందిమి కూర్చున్నాం. అందరికీ ఒకరికొకరు పరిచయం కప్పట్రాళ్ల అడవి గొడవలోనే. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల రిజర్వు ఫారెస్టులో యురేనియం ఎంత ఉందో చూడటానికి 468 హెక్టార్లలో 68 బోర్లు వేస్తామన్నారు. 2024 నవంబరులో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోడ్డు మీద బైఠాయించారు. కొద్ది రోజులకే ప్రభుత్వం ఆ పని ఆపేస్తున్నట్టు చెప్పింది. ఒకప్పుడు ఫ్యాక్షన్ వార్తలతోనే పేపర్లకెక్కిన ఊరి పేరు మొదటిసారి నీళ్ల కోసం, అడవి కోసం రాష్ట్రమంతా వినబడింది. ఆ రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

మొన్న పేచీ వచ్చింది ప్లకార్డుల దగ్గర. నేను రెండు రాసుకుపోయాను. ఒకటి, ‘మా నీళ్లు మాకు కావాలి’. రెండోది, ‘ఏ దేశం చేతిలోనూ అణుబాంబు వద్దు’. మొదటిదానికి అందరూ సరే అన్నారు. రెండోది చూడగానే ఒక పెద్దాయన, “అమ్మా, ఇది పట్టుకుంటే మనల్ని దేశద్రోహులంటారు. మనం అడిగేది బోరు నీళ్లు. బాంబు సంగతి ఢిల్లీవాళ్లు చూసుకుంటారు, మనకెందుకు?” అన్నాడు. సగం మంది ఆయన వైపే తల ఊపారు.

నాకు మాత్రం ఆ రెండో ప్లకార్డు తీసేయడానికి మనసొప్పడం లేదు. హిరోషిమా మీద పడిన బాంబులోని యురేనియంలో ఎక్కువ భాగం కాంగో దేశంలోని షింకొలోబ్వే అనే గని నుంచి వెళ్లింది. 1945 చివరికల్లా హిరోషిమాలో సుమారు 1,40,000 మంది చనిపోయారని లెక్క చెబుతున్నారు. షింకొలోబ్వేలో ఆ రాయి తవ్వి, చేతులతో ఏరి, బస్తాలకెత్తిన కూలీల గురించి మాత్రం ఎవరూ లెక్క రాయలేదు. బాంబు మొదట తాకేది గని దగ్గరి మనుషులనే. అలాంటప్పుడు గని మీద కొట్లాడే మనం బాంబు గురించి నోరు మూసుకోవడం ఎట్లా న్యాయం?

మీ అభిప్రాయం చెప్పండి. నాది తప్పనిపిస్తే తప్పనే చెప్పండి.

రిటైర్డ్ హవల్దార్, అనంతపురం:
టీచరమ్మా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. నేను 22 ఏళ్లు ఫౌజులో చేశాను. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో మనవాళ్లు పరీక్షలు చేశారు. అదే నెల 28న పాకిస్తాన్ చాగైలో చేసింది. మరుసటి ఏడాదే కార్గిల్. ఆ రోజుల్లో బోర్డర్‌లో ఉన్నవాడికి ఈ ప్లకార్డు ఎట్లా కనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. మన దేశం ముందుగా అణ్వాయుధం వాడబోమని మాట ఇచ్చింది. 1988లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితికి వెళ్లి, 2010 నాటికి ప్రపంచంలో అణ్వాయుధమే లేకుండా చేద్దామని ప్లాన్ పెట్టాడు. పెద్ద దేశాలు విన్నాయా? వినలేదు. అట్లాంటప్పుడు మనం ఒక్కళ్లమే దించేయాలంటే నేను ఒప్పుకోను.

నీళ్ల విషయంలో మాత్రం నేను మీతోనే ఉంటాను. యురేనియం పేరుతో ఊరి నీళ్లు పాడైతే అది కూడా దేశానికి నష్టమే. ఈ రెండూ కలిపితే ఊరివాళ్ల కేసు బలహీనపడుతుంది. ఆ పెద్దాయన చెప్పింది సరైన మాట.

చీనీ తోట, వేముల:
మా మండలంలో 2012 నుంచి యురేనియం తవ్వుతున్నారు. 2007 నవంబరులో శంకుస్థాపన జరిగినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. ఉద్యోగాలొస్తాయని మా నాయన ఎంతో సంతోషపడ్డాడు. కొందరికి వచ్చాయి కూడా, అది దాచను.

ఇప్పుడు నా సమస్య ఒక్కటే. నా బోరు నీళ్లలో ఏముందో చెప్పే కాగితం నా చేతిలో లేదు. నీళ్లు రెండుసార్లు బాటిళ్లలో పట్టుకుపోయారు, రిపోర్టు రాలేదు. అడిగితే “బాగానే ఉన్నాయి” అన్నారు. బాగుంటే ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వచ్చు కదా మేడం? మా జేజి ఇప్పటికీ ఆ నీళ్లతోనే సంగటి వండుతుంది. క్యాన్ నీళ్లతో వండితే సంగటికి రుచి రాదంటుంది. ఆమెకు నేను ఏమని చెప్పాలి? తోట ఎందుకు ఎండుతోందో, వానలు లేకనా, తెగులా, మరొకటా, నాకే తెలియదు. తెలియకపోవడమే పెద్ద టెన్షన్.

బాంబు గురించి మా ఊళ్లో ఎవరూ మాట్లాడుకోరు. తప్పని కాదు. తీరిక లేదు.

కర్నూలు ఫిజిక్స్:
కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. రెండు వైపులా కొన్ని విషయాలు సరిచేయాలి, కొంచెం పొడుగవుతుంది.

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె గని ఖనిజంలో యురేనియం చాలా తక్కువ, టన్ను రాయికి అరకిలో కూడా ఉండదు. అక్కడి మిల్లును రోజుకు 3,000 టన్నుల రాయి ఆడించేందుకు కట్టారు. అంటే తవ్విన దాంట్లో దాదాపు మొత్తం పిండిగా, బురదగా మిగులుతుంది. ఆ బురదను నింపే చెరువునే టెయిలింగ్ పాండ్ అంటున్నాం. చాలామందికి తెలియని సంగతి ఇక్కడుంది. యురేనియం తీసేశాక కూడా రాయిలో మొదటున్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. ఎందుకంటే రేడియం, థోరియం లాంటివి యురేనియంతో బయటికి పోవు. రేడియం సగానికి తగ్గాలంటే 1,600 సంవత్సరాలు పట్టాలి. కృష్ణదేవరాయల కాలం నుంచి నేటికి గడిచింది ఐదు వందల ఏళ్లే, దాన్ని బట్టి అంచనా వేసుకోండి. అందుకే చెరువు అడుగున బెంటొనైట్ మట్టి, పాలిథీన్ షీట్ పరిచి నీళ్లు దిగకుండా చేయడం అంత ముఖ్యం. ఈ పరుపు సరిగా వేయలేదన్న ఫిర్యాదుల మీదే 2018లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది.

పైగా అక్కడ వాడేది ఆమ్లం కాదు, సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన క్షార పద్ధతి. రాయిలో సున్నం పాలు ఎక్కువ కాబట్టి ఆమ్లం పనికిరాదు. అందువల్ల అక్కడ బోరు నీళ్లు పరీక్ష చేసేవాళ్లు యురేనియంతో పాటు సోడియం కూడా చూడాలి. నేలలో సోడియం పెరిగితే మట్టి బిగుసుకుపోతుంది, నీళ్లు ఇంకవు. అరటికి, చీనీకి అదే చాలు. రేడియేషన్ దాకా పోనక్కరలేదు.

ఇక బాంబు విషయం. ‘కడప యురేనియంతో బాంబులు చేస్తున్నారు’ అని దయచేసి ఎవరూ మైకులో అనకండి. దానికి రుజువు లేదు. అక్కడ తయారయ్యే పసుపు రంగు యురేనియం పొడి హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు, అక్కడి నుంచి ఇంధన కడ్డీలుగా కరెంటు రియాక్టర్లకు వెళ్తుంది. ఆయుధాలకు వాడేది ముఖ్యంగా ట్రాంబే పరిశోధన రియాక్టర్లలో తయారైన ప్లుటోనియం.

కానీ హవల్దార్ గారూ, రెండింటికీ సంబంధమే లేదని కూడా అనలేం. అమెరికాతో అణు ఒప్పందం కోసం 2006లో మన దేశం 22 రియాక్టర్లలో 14ను అంతర్జాతీయ తనిఖీల కిందికి తెస్తానని చెప్పింది, మిగతా 8 కావాలంటే సైనిక అవసరాలకూ వాడుకునేలా బయట ఉంచుకుంది. విదేశాల నుంచి కొన్న యురేనియం తనిఖీలో ఉన్నవాటికే వాడాలి. తనిఖీ బయట ఉన్నవాటికి సొంత గనులే దిక్కు. అందుకే దేశీయ గనికి అంత విలువ, అంత గోప్యత. చీనీ తోట తమ్ముడి చేతికి కాగితం రాకపోవడానికి ఆ గోప్యతే కారణమని నేను చెప్పలేను. అయితే ‘వ్యూహాత్మకం’ అనే మాట ఒకసారి అంటించాక, మామూలు ఫ్యాక్టరీని అడిగినట్టు అడగడం కష్టమవుతుంది. టీచర్ గారి రెండో ప్లకార్డుకు అసలు బలం అక్కడుందని నా ఉద్దేశం.

కడప ఎక్స్‌రే:
19 ఏళ్లుగా ఎక్స్‌రే, సీటీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. నా బాధ వేరే.

మన ఉద్యమాల్లో వికలాంగ పిల్లల ఫొటోలు పెద్దవి చేసి ఫ్లెక్సీలు కడతారు. ఎక్కడివో, ఎవరివో తెలియదు. దయచేసి ఆ పని చేయకండి. హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడ్డవాళ్లకు తర్వాత పుట్టిన పిల్లల మీద దశాబ్దాల పాటు పరిశోధన చేశారు. వాళ్లకు వంశపారంపర్యంగా లోపాలు పెరిగినట్టు కనిపించలేదు. బాంబు పడ్డప్పుడు కడుపులో ఉన్న శిశువులకు మాత్రం తీవ్రంగా హాని జరిగింది, పెద్దవాళ్లలో క్యాన్సర్లు పెరిగాయి, అవి నిజం. కానీ ‘వాళ్ల రక్తమే చెడిపోయింది’ అన్న భయంతో జపాన్‌లో ఎంతోమంది ఆడపిల్లలకు పెళ్లిళ్లు కాలేదు. ఆ వివక్షకు భయపడి తాము హిబాకుషా అని, అంటే బాంబు బారిన పడినవాళ్లమని చెప్పుకోకుండా దాచుకు బతికినవాళ్లున్నారు. రేపు వేముల వైపు పిల్లకు సంబంధం చూసేవాళ్లు “అది యురేనియం ఊరు కదా” అంటే ఆ పాపం ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్లది కూడా.

లెక్క తెలుసుకుని మాట్లాడదాం. మట్టి, ఆకాశం, తిండి, గాలి నుంచి సగటు మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల (రేడియేషన్ మోతాదును కొలిచే లెక్క) రేడియేషన్ ఎలాగూ అందుతుంది. పొట్టకు ఒక సీటీ తీస్తే 8 దాకా ఉంటుంది. ఫ్యాక్టరీల వల్ల జనానికి అదనంగా 1 దాటకూడదని నియమం. ఇక తాగే నీళ్లలో యురేనియం ముందు దెబ్బతీసేది కిడ్నీలను, అదీ రేడియేషన్ వల్ల కాదు, సీసం లాగా రసాయన విషంగా. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ బోర్డు 60 దాకా ఒప్పుకుంది. ఏ లెక్కతో చూశారో రిపోర్టులో అడగండి. ఇంకొకటి, మన సీమ గ్రానైటు నేలల్లో గని లేని ఊరి బోరులో కూడా యురేనియం ఉండవచ్చు, అనంతపురంలో ఫ్లోరైడ్ ఉన్నట్టే. కాబట్టి గని పక్కవి, దూరంవి, రెండూ పరీక్ష చేయిస్తేనే పోల్చగలం.

అనంతపురం ఎమ్మెస్సీ:
అణు కరెంటు దేశం మొత్తం కరెంటులో 3 శాతం దగ్గరే ఉంది. మన ఓర్వకల్లు వైపు గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఆ 3 శాతం కోసం మా నీళ్లు పణంగా పెట్టాలా అనేది నా ప్రశ్న.

రిటైర్డ్ హవల్దార్, అనంతపురం:
చెల్లీ, రాత్రిపూట సోలార్ ఉండదు, బొగ్గు కాల్చాలి. ముద్దనూరు వైపు ఆర్టీపీపీ థర్మల్ ప్లాంటు బూడిద చూసి రా, అప్పుడు చెప్పు. ఇది వేరే చర్చ, ఇక్కడ వద్దు.

ఫిజిక్స్ సారు చెప్పింది నేను రెండుసార్లు చదివాను. గోప్యత మాట నిజమే. కంటోన్మెంటులో కూడా తాగే నీళ్ల రిపోర్టు నోటీసు బోర్డులో పెట్టేవాళ్లు. దేశ రహస్యమేమీ బయటపడలేదు. నీళ్ల రిపోర్టు దాచితే పాకిస్తాన్‌కు వచ్చే నష్టం ఏముంది, మన రైతుకే నష్టం. అంతవరకు ఒప్పుకుంటున్నాను. బాంబు ప్లకార్డు మాత్రం నేను పట్టుకోను.

పత్తికొండ టీచర్:
అన్నా, మీరు పట్టుకోవాలని నేను అడగను. కానీ దేశద్రోహం మాట నన్ను చాలా బాధపెట్టింది, దానికి జవాబు చెప్పాలి. సమావేశాలు జరుగుతున్న ఏడాది ఆగస్టులో మన లోక్‌సభే హిరోషిమా, నాగసాకి మృతుల కోసం లేచి నిలబడి మౌనం పాటిస్తుంది. 1954లో బికినీ దీవిలో అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చిన నెలకే, పరీక్షలు ఆపండని పార్లమెంటులో అడిగింది నెహ్రూ. మీరు చెప్పిన రాజీవ్ గాంధీ ప్లాన్ కూడా ‘ఏ దేశం చేతిలోనూ వద్దు’ అన్నదే కదా. నా ప్లకార్డులో ఉన్నదీ అదే వాక్యం. మనం ఒక్కళ్లమే దించేయాలని నేనెక్కడా రాయలేదు. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాన్, మనం, అందరం. 2017లో 122 దేశాలు కలిసి అణ్వాయుధ నిషేధ ఒప్పందానికి ఓటేశాయి, 2021 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. బాంబులున్న దేశం ఒక్కటీ అందులో లేదు, మనతో సహా. అడగాల్సినవాళ్లు అడగకపోతే ఇంకెవరు అడుగుతారు?

ఎక్స్‌రే అన్నా, మీరు రాసింది చదివి నేను నా ఫోల్డరులోంచి నాలుగు ఫొటోలు తీసేశాను. క్రితం ఏడాది వాటిలో ఒకటి నేనే ప్రింటు తీయించాను. ఆడపిల్లల తల్లిగా నాకు ఆ ఆలోచన ముందే రావాల్సింది. బదులుగా చర్చ్ రాక్ గురించి చెబుతాను. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని నవాహో ఆదివాసుల ప్రాంతంలో 1979 జులై 16న యురేనియం మిల్లు బురద చెరువు కట్ట తెగింది. 35 కోట్ల లీటర్ల నీళ్లు, వెయ్యి టన్నులకు పైగా బురద వాగులో కలిశాయి. గొర్రెలు తాగే వాగు అది. ప్రపంచంలో మొదటి అణుబాంబు పరీక్ష జరిగిందీ జులై 16నే, అదే న్యూమెక్సికోలో, 34 ఏళ్ల ముందు.

చీనీ తోట, వేముల:
గొర్రెలు అన్నారు కాబట్టి ఈ మాట మా ఊళ్లో చెప్పచ్చు మేడం. వింటారు.

నేను ర్యాలీకి వస్తాను. ఒకటే షరతు. ముందు నీళ్ల పరీక్ష జరగాలి, తర్వాతే కొవ్వొత్తులు. పరీక్ష ఎవరైనా నేర్పిస్తారా?

కర్నూలు ఫిజిక్స్:
నేర్పిస్తాను. బోరు పది నిమిషాలు ఆడించి పైపులో నిలిచిన నీళ్లు పోనివ్వాలి. కొత్త ప్లాస్టిక్ బాటిల్‌ను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, మూతిదాకా నింపాలి. బాటిల్ మీద సర్వే నంబరు, బోరు లోతు, తేదీ, టైము చెరగని ఇంకుతో రాయాలి. ప్రతి బోరుకు రెండు బాటిళ్లు పట్టాలి, ఒకటి ల్యాబుకు, ఒకటి మన దగ్గర. గని పక్కన పది బోర్లు, పదిహేను ఇరవై కిలోమీటర్ల దూరంలో పది. ల్యాబు ఫీజు చందాతో కడదాం.

రిటైర్డ్ హవల్దార్, అనంతపురం:
మా అల్లుడికి బొలెరో ఉంది. శనివారం పొద్దున ఆరుకల్లా పులివెందుల బస్టాండు దగ్గర ఉంటాను. బాటిళ్లు ఎన్ని తేవాలో చెప్పండి.

కర్నూలు ఫిజిక్స్:
నలభై. పగిలితే, కారితే అవసరమని ఇంకో ఐదు.