ఫైలు తెరిచే ముందు అనుమతి చూడాలా, నేరుగా తెరవాలా?

బురుజు నీడ, కర్నూలు
ఆదోనిలో ఒక పత్తి దుకాణానికి కాటా చీటీల ప్రోగ్రాం రాస్తున్నాను. లైనక్స్, సీ భాష. చీటీలన్నీ ఒకే ఫైలులో చేరతాయి. ఫైలు తెరిచే ముందు ప్రతిసారీ యాక్సెస్ ఫంక్షన్‌తో రాసే అనుమతి ఉందో లేదో చూడాలని నాతో పనిచేసే ఆయన పట్టు. నేరుగా ఓపెన్ పిలిచి, అది కాదంటే ఎర్రర్ చూపిస్తే చాలదా అని నా వాదన. మీరేమంటారు?

గడియారస్తంభం, అనంతపురం
మీ మాటే సరి. యాక్సెస్ ఇచ్చే జవాబు అడిగిన క్షణానికే చెల్లుతుంది. ఓపెన్ దాకా వచ్చేలోపు ఆ పేరుతో వేరే ఫైలు ఉండొచ్చు.

విచిత్రం ఏమిటంటే, ఆ ఫంక్షన్ ఉన్నదే సెట్‌యూఐడీ ప్రోగ్రాముల (ఎవరు నడిపినా ఆ ప్రోగ్రాం ఫైలు యజమాని హక్కులతో నడిచేవి) కోసం. ప్రోగ్రాం రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) హక్కులతో నడుస్తున్నా, దాన్ని నడిపించిన మనిషికి అనుమతి ఉందా అని అడగడానికి. అందుకే అది ఎఫెక్టివ్ యూఐడీని (ఎవరి హక్కులతో నడుస్తోందో) వదిలి రియల్ యూఐడీని (నడిపించింది ఎవరో) చూస్తుంది. దాడి చేసేవాడు ముందు తన సొంత ఫైలు చూపించి యాక్సెస్‌ను దాటుతాడు. వెంటనే ఆ పేరును వ్యవస్థ పాస్‌వర్డ్ ఫైలుకు సింబాలిక్ లింకుగా (వేరే ఫైలు వైపు చూపే పేరుగా) మారుస్తాడు. ఓపెన్ రూట్ హక్కులతో దాన్ని తెరిచి చేతిలో పెడుతుంది. ఇలా వాడవద్దని లైనక్స్ మాన్యువల్ కూడా హెచ్చరిస్తుంది. ముందు సెట్‌ఈయూఐడీతో హక్కులు దించుకుని, తర్వాత ఓపెన్ పిలవండి. మిగతాది ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగమైన కెర్నల్ చూసుకుంటుంది.

గండికోట అంచు, కడప
కాటా చీటీకి సెట్‌యూఐడీ భయం ఎందుకు సార్? దుకాణంలో దాడి చేసేది ఎవరు, హమాలీలా? గుమాస్తా ఒక లారీ బస్తాల తూకాలన్నీ కొట్టి, చివర సేవ్ నొక్కాక 'అనుమతి లేదు' అని వస్తే ఆయన ఎవరిని తిట్టుకుంటాడు? ముందే చూసి చెప్పడం కనీస మర్యాద. విమ్ ఎడిటర్ కూడా రాయలేని ఫైలును తెరవగానే 'చదవడానికి మాత్రమే' అని చూపిస్తుంది కదా.

గడియారస్తంభం, అనంతపురం
మర్యాద కావాలంటే మొదట్లోనే ఫైలు తెరిచి ఉంచుకోండి. మామూలు లోకల్ డిస్కు మీద అనుమతి పరీక్ష జరిగేది ఓపెన్ సమయంలోనే. డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు కెర్నల్ ఇచ్చే సంఖ్య) చేతికి వచ్చాక ఎవరైనా చమోడ్‌తో అనుమతులు మార్చినా మీ రాత ఆగదు. ఒక్క జాగ్రత్త: అపెండ్ పద్ధతిలో (పాతదాని చివర చేర్చేలా) తెరవండి. ఎఫ్‌ఓపెన్‌కు 'డబ్ల్యూ' ఇచ్చి 'అనుమతి పరీక్ష' చేశారంటే పాత చీటీలన్నీ ఆ పరీక్షలోనే తుడిచిపెట్టుకుపోతాయి.

బురుజు నీడ, కర్నూలు
అక్కడే నాకు చిక్కు. మధ్యలో కరెంటు పోయినా ఫైలు పాడవకుండా, తాత్కాలిక ఫైలులో రాసి రీనేమ్ చేద్దామనుకున్నాను.

గడియారస్తంభం, అనంతపురం
అయితే మీతో పనిచేసే ఆయన అడిగే ప్రశ్నే తప్పు. రీనేమ్‌కు కావలసింది ఫోల్డర్‌లో రాసే అనుమతి. పాత ఫైలు 444గా (అందరికీ చదవడానికి మాత్రమే) ఉన్నా, ఫోల్డర్ మీకు తెరిచి ఉండి స్టికీ బిట్ (ఇతరుల ఫైళ్లను తీసేయనివ్వని గుర్తు) లేకపోతే, దాని స్థానంలో కొత్తది కూర్చుంటుంది. ఫైలు మీద యాక్సెస్ 'లేదు' అంటుంది, పని మాత్రం జరిగిపోతుంది. డిస్కు నిండితే దీనికి తలకిందులు: యాక్సెస్ 'ఉంది' అంటుంది, రాత విఫలమవుతుంది.

గండికోట అంచు, కడప
యాక్సెస్ మీద నమ్మకం లేకపోతే స్టాట్ ఫంక్షన్‌తో మోడ్ బిట్లు (యజమానికి, గ్రూపుకు, ఇతరులకు ఉన్న అనుమతుల గుర్తులు) చదివి మనమే లెక్క కట్టవచ్చు.

గడియారస్తంభం, అనంతపురం
అయ్యో, అది ఇంకా ఘోరం! 077 మోడ్ (యజమానికి ఏమీ లేదు, మిగతావాళ్లకు అన్నీ) ఉన్న ఫైలును దాని యజమానే తెరవలేడు. యజమాని అని తేలాక గ్రూపు బిట్ల దాకా వెళ్లరు. రూట్‌కు అది అడ్డే కాదు. ఏసీఎల్ (ఎవరికి ఏ అనుమతో విడివిడిగా రాసే జాబితా) ఉంటే ఆ తొమ్మిది బిట్లు మొత్తం కథ చెప్పవు. కెర్నల్ లెక్కను మనం తిరిగి రాయడం ఎందుకు? విండోస్‌లో పైథాన్ ఓఎస్ యాక్సెస్‌కు ఇదే జబ్బు. రాసే అనుమతి అడిగితే రీడ్-ఓన్లీ గుర్తు చూసి జవాబిస్తుంది, ఏసీఎల్‌ను పట్టించుకోదు.

ఇంకో మాట, రూట్‌గా లాగిన్ అయి ప్రోగ్రాం పరీక్షించేవాళ్లు చాలామంది ఉన్నారు. మామూలు డిస్కు మీద రూట్‌కు చదవడం, రాయడం దాదాపు ఎప్పుడూ 'ఉంది' అనే వస్తుంది. అలా పరీక్షించి దేన్ని నిరూపించినట్టు?

గండికోట అంచు, కడప
భద్రత కోసం వాడకూడదని ఒప్పుకుంటాను. గుమాస్తాకు ముందుగా చెప్పడానికి మాత్రం నా ప్రోగ్రాంలో యాక్సెస్ ఉంటుంది. జవాబు తప్పయినా ఓపెన్ ఎలాగూ పట్టుకుంటుంది, నష్టం లేదు.

బురుజు నీడ, కర్నూలు
నేనైతే ప్రోగ్రాం మొదలవగానే ఆ ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలు నిజంగానే సృష్టిస్తాను. కుదరకపోతే గుమాస్తా మొదటి తూకం కొట్టకముందే సందేశం, ఎర్రర్ కారణంతో సహా. సేవ్ దగ్గర కూడా రైట్, ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకు చేర్చేది), రీనేమ్ మూడింటి ఫలితాలు చూస్తాను. ఇక నాతో పనిచేసే ఆయనను ఒప్పించడమే మిగిలింది. 077 సంగతి ఆయన మెషీన్‌లోనే చేసి చూపిస్తాను, రూట్‌గా కాకుండా.