గల్ఫ్ నుంచి వచ్చాక మానని పుండు: మొదటి రోజే స్మియర్ తీయాలా?

అల్‌హసా_తోట: సౌదీలో అల్ హసా ఖర్జూరం తోటలో పనిచేసి వచ్చాను. వచ్చిన నెలన్నరకు ముంజేతి మీద పొక్కు లేచి పుండైంది. నొప్పి లేదు, మానదు. ఇక్కడి డాక్టరు నాలుగు నెలలు తామర క్రీము, యాంటీబయాటిక్స్ రాశారు. చివరికి వేరే చోట గీకి చూస్తే లీష్మేనియాసిస్, అంటే పరాన్నజీవి వల్ల వచ్చే చర్మపు పుండు. బయటి దేశం నుంచి వచ్చినవాళ్ల మానని పుండుకు మొదటి రోజే స్మియర్ తీయాలంటాను, అంటే పుండు గీకి మైక్రోస్కోపులో చూడాలి.

చర్మ_పీజీ: ఒప్పుకోను అన్నా. థాయ్‌లాండ్ బీచ్‌లో చెప్పుల్లేకుండా నడిచినవాళ్ల పాదం మీద మెలికల గీత కనిపిస్తే అది లార్వా మైగ్రన్స్, చర్మంలో పాకే పురుగు పిల్ల. చూస్తే చాలు. ముక్క తీసినా పురుగు దొరకదు, అప్పటికే గీత దాటి ముందుకు పోయి ఉంటుంది. ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందుతో తగ్గుతుంది. పరీక్ష కంటే ముందు ఎక్కడికి వెళ్లారు, ఎక్కడ పడుకున్నారు అని అడగాలి.

అల్‌హసా_తోట: నేను పుండు గురించి అడిగితే మీరు గీత గురించి చెబుతారేంటి?

ల్యాబ్_జీమ్సా: స్మియర్ ఎక్కడి నుంచి తీశారన్నదే అసలు సంగతి. పుండు నడిమధ్య చీము, చచ్చిన కణాలే ఉంటాయి. ఉబ్బిన అంచు నుంచి తీయాలి. పాత పుండులో పరాన్నజీవులు తగ్గిపోతాయి కాబట్టి నెగటివ్ వచ్చినా జబ్బు లేదని కాదు. పరాన్నజీవి డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్ష చేయించాలి.

కోరుట్ల_77: మా బావకూ ఇదే పుండు. కుష్టు అనుకుని ఆర్నెల్లు మందులు మింగించారు.

చర్మ_పీజీ: అందుకే అడుగుతున్నా. సౌదీ నుంచి వచ్చానని మొదటి డాక్టరుకు చెప్పారా?

అల్‌హసా_తోట: అడగాల్సింది ఆయన కాదా? తలెత్తి చూడకుండా చీటీ రాసిచ్చారు!

చర్మ_పీజీ: అడగకపోవడం ఆయన తప్పే. మీరు చెప్పారా, లేదా?

అల్‌హసా_తోట: చెప్పలేదు. రెండు లక్షల అప్పుంది, మళ్లీ వెళ్లాలి. చర్మరోగం అని కాగితం మీద పడితే మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారని భయం. ఊళ్లో కుష్టు అంటారని ఇంకో భయం. నాతో ఉన్నవాళ్లంతా ఇలాగే దాస్తారు. అడిగినా చెప్పరు డాక్టర్ గారూ, అందుకే పరీక్షే దిక్కు అంటున్నా.

చర్మ_పీజీ: ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత వాదించేవాణ్ని కాదు. మీలాంటివాళ్లకు స్మియర్ తీయాల్సిందే, ఒప్పుకుంటున్నా. ఇది ముట్టుకుంటే అంటదు, ఇసుక ఈగ కుడితే వస్తుంది. అల్ హసాలో ఎక్కువగా ఉండే లీష్మేనియా మేజర్ అనే రకం పరాన్నజీవితో వచ్చే పుండు చాలామందికి కొన్ని నెలల్లో మచ్చ వదిలి దానంతటదే మానుతుంది. కీలు మీదో ముఖం మీదో ఉంటే మాత్రం ఆగకూడదు. మీకు ఎన్ని ఉన్నాయి?

అల్‌హసా_తోట: రెండు. రెండోది మణికట్టు మడత మీద. అది ఇంకా ఎవరికీ చూపించలేదు.

చర్మ_పీజీ: రేపే చూపించండి అన్నా.